ఎడమ పక్క గోడ

ఆ స్కూల్లో పిల్లల బస్సులు నడిపేవాళ్లందరిలోకీ ఆయనే పెద్ద. తోటి డ్రైవర్లు ఆయనకి పెట్టిన పేరు నత్తగారు. వెనకాల ఎంత ఎగతాళి చేసుకున్నా, ఎదురుపడితే ఆ "గారు" తీసేసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఖాళీ రోడ్డు మీద కూడా ఆయన బస్సు సైకిళ్ల వెనకే పోయేది. కార్లవాళ్లు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయి, దాటి వెళ్లేటప్పుడు నోటికొచ్చినట్టు తిట్టిపోసేవాళ్లు. ఆయన చెవిన వేసుకునేవాడు కాదు. "నా వెనకున్నవి సిమెంటు బస్తాలు కాదు నాయనా, పిల్లలు" అని తనలో తనే గొణుక్కునేవాడు. అన్నేళ్ల నౌకరీలో ఆయన బస్సుకి చిన్న గీత కూడా పడలేదు. ఆ సంగతి తనంతట తను చెప్పుకునేవాడు కాదుగానీ, వేరేవాళ్లు చెబుతుంటే మాత్రం చేతిలో పని ఆపి మరీ వినేవాడు.

అలాంటి మనిషి ఇంటికొచ్చాక గాలితో పందెం వేసేవాడంటే ఎవరు నమ్ముతారు?

అదంతా కొడుకు పుణ్యం. వాడు టీవీలు బాగుచేసే షాపులో పనివాడు. ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్లీ ఆ ఛాయలకి రాని ఒక ఆటల పెట్టెనీ, దాంతోపాటు ప్లాస్టిక్ స్టీరింగునీ, కాళ్ల కింద పెట్టుకునే పెడల్స్‌నీ ఒకరోజు ఇంటికి పట్టుకొచ్చాడు. కార్ల పందెం ఆట. కొత్త కొత్త కార్లన్నీ వరసగా చూపించాడు. పెద్దాయన మొహం చిట్లించాడు. "ఇవేం బళ్లురా? అరిగిపోయిన సబ్బుబిళ్లల్లా ఉన్నాయి. ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదు."

అప్పుడు కనబడింది అది. ఎర్రటి కారు. పొడుగాటి ముక్కు, గుండ్రటి దీపాలు, నడుం దగ్గర సన్నబడి వెనక మళ్లీ ఉబ్బిన రేకు. ఆయన పుట్టకముందు ఇటలీలో పందేల కోసం తయారైన బండి అని కొడుకు చదివి చెప్పాడు. కంపెనీ పేరు కూడా చెప్పాడుగానీ అది ఆయన నోట పలకలేదు. చివరికి ఇంట్లో దాని పేరు "ఇటలీది" అయి కూర్చుంది.

ఇటలీదానికి స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. మొదట్లో ఆయన చేతులు తికమకపడ్డాయి. సన్నటి చెక్క చక్రం, నల్లటి మీటర్లు, వాటిల్లో కుదురుగా నిలబడని ముళ్లు. స్టార్ట్ చేస్తే దగ్గి దగ్గి లేస్తుంది. గేరు తొందరపడి వేస్తే పళ్లు కొరుకుతుంది. వంపులో ఉన్నప్పుడు భయపడి కాలు ఎత్తామా, తోక గిర్రున తిరిగిపోతుంది. ఇప్పటి కార్లలోలా తప్పు సర్దిపెట్టే యంత్రాలేవీ అందులో లేవు. కొడుకు రెండు వంపులు తిరక్కముందే చేతులెత్తేశాడు. ఆయనకి మాత్రం అది ఒక్క వారంలో చెప్పినట్టు విన్నది. కుర్రతనంలో బ్రేకులు సరిగ్గా పడని లారీలు తోలి అన్నం తిన్నవాడు మరి.

ఆ ఆటలో బోలెడు దారులున్నా ఆయనకి నచ్చింది ఒక్కటే. కొండ అంచున పోయే రోడ్డు. కుడి పక్క సముద్రం, ఎడమ పక్క పాత రాతిగోడ. పక్కనుంచి ఎవడో ఒకడు వచ్చి గుద్దేస్తున్నాడని, మిగతా కార్లన్నీ కొడుకు చేత తీయించేశాడు. ఆ రోడ్డంతా ఇక ఆయనదే. ఎంత త్వరగా చేరాడన్న గొడవ ఆయనకి పట్టదు. అంత వేగంలోనూ ఆ గోడకి జానెడు దూరంలో, రాయికి రంగు అంటకుండా, మొదటినుంచి చివరిదాకా బండిని పోనివ్వాలి. అదీ ఆయన సరదా.

"స్కూలు నుంచి రాగానే దాని ఒళ్లోకే" అని భార్య సాధించేది. "ఈ వయసులో నాకు సవతిపోరు రాసిపెట్టుంది."

"సవతేంటే? అది నీకంటే పదేళ్లు పెద్దది."

"అయితే అత్తగారనుకుంటాలే. టీ కూడా ఆవిడనే పెట్టివ్వమనండి."

ఇంట్లో ఇలా నవ్వుకుంటూనే ఉన్నారు. ఈలోగా ఆయన కళ్లు తమ పని తాము చేసుకుపోతున్నాయి. అన్నం తింటుంటే ఎడమ పక్క పెట్టిన మంచినీళ్ల గ్లాసు మోచెయ్యి తగిలి పడిపోయేది. "ఇక్కడెందుకు పెట్టావ్?" అని భార్య మీద విసుక్కునేవాడు. గుమ్మం దాటుతుంటే భుజం కొట్టుకునేది. స్కూలువాళ్లు డ్రైవర్లకి కళ్ల పరీక్ష పెట్టించినప్పుడు, ఎదురుగా గోడకున్న అక్షరాలు అట్టడుగు వరసదాకా గడగడా చదివేశాడు. డాక్టరు మాత్రం టార్చిలైటు వేసి చూసి, "కంట్లో ఒత్తిడి ఎక్కువున్నట్టుంది. పక్కచూపు కొలిచే పరీక్ష ఇంకోటుంది, ఆసుపత్రికి రండి" అన్నాడు. ఆయన తలూపాడు. వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదంటే, భయం. వాళ్ల నాన్న ఆఖరి రోజుల్లో కిటికీ దగ్గర కూర్చుని, వెలుగు ఎటునుంచి వస్తుంటే అటు మొహం పెట్టేవాడు. కంచంలో ఏ ముద్ద ఎక్కడుందో ఈయనే చెయ్యి పట్టి చూపించేవాడు. ఆ రోజులు ఆయన ఎవరి దగ్గరా ఎత్తేవాడు కాదు. ఆసుపత్రి మాట వినగానే లేచి అవతలికి పోయేవాడు. అందుకని తన పరీక్ష తనే పెట్టుకున్నాడు. రోజూ ఇటలీదాన్ని గోడ వెంట పోనిచ్చేవాడు. గీత పడకపోతే, చూపు భేషుగ్గా ఉన్నట్టు లెక్క. ఒక్కరోజు కూడా గీత పడలేదు.

ఆయన బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా ఒకావిడ ఉండేది. వయసులో చిన్నది, నోరు మాత్రం పెద్దది. ఆయన్ని "అన్నా" అనేది, ఆయన "చెల్లీ" అనేవాడు. బస్సు ఆపడానికీ కదపడానికీ మాత్రం నోటితో పని లేదు. ఆవిడ బస్సు రేకు మీద ఒక్క దెబ్బ కొడితే ఆగు అని, రెండు కొడితే పోనీ అని. మెట్టెక్కి తలుపు వేసుకున్నాకే రెండు దెబ్బలు కొట్టాలన్నది స్కూలువాళ్ల నియమం. పాటించే ఆయా ఒక్కతీ లేదు. అందరూ కిందనుంచే కొట్టి, కదిలే బస్సు వెంట నాలుగడుగులు నడిచి మెట్టెక్కేసేవాళ్లు. నత్తగారి బస్సుకైతే ఆ కంగారు కూడా అక్కర్లేదు, నింపాదిగా కబుర్లు చెప్పుకుంటూ ఎక్కొచ్చు.

ఒక పొద్దున పూలకొట్టు ముందున్న స్టూలుకి బస్సు ఎడమ పక్క తగిలింది. స్టూలు ఎగిరి కాలవలో పడింది. కొట్టువాడు కేకలు వేశాడు. బస్సు ఆగలేదు.

"అన్నా, పాపం వాడి స్టూలు ఎగరగొట్టేశావు" అంది ఆయా.

"ఏ స్టూలు?" అన్నాడాయన.

తగిలిందని తెలిసి తప్పించుకునేవాడి గొంతు అలా ఉండదు. ఆయనకి నిజంగానే తెలియలేదు. ఆ రోజునుంచి ఆవిడ ముందు మెట్టెక్కి, తలుపులోంచి ఎడమ పక్కకి తొంగిచూసి, అప్పుడు రెండు దెబ్బలు కొట్టడం మొదలుపెట్టింది. కొన్నాళ్లు చూసి, ఇక ఉండబట్టలేక, పిల్లలు దిగిపోయాక ఆయన సీటు పక్కకి వచ్చి నిలబడింది.

"నీకు ఎడమ పక్క ఆనడం లేదన్నా. తిడితే తిట్టు. నేను మేనేజరుతో చెప్తాను. పసిపిల్లలెక్కే బండి ఇది."

ఆయన మొహం కందగడ్డలా అయింది. "నా చూపు సంగతి నీకేం తెలుసు? ఆదివారం మా ఇంటికి రా. నీ కళ్లతో నువ్వే చూసి, అప్పుడు ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో."

వచ్చింది, బట్టలషాపులో పనిచేసే కూతుర్ని వెంటపెట్టుకుని. ఆయన భార్య వాళ్లకి కుర్చీలు వేసింది. గోడ పక్క బల్లమీద చిన్న టీవీ. దానికి కాస్త దూరంలో ఆయన కుర్చీ. ఆయన స్టీరింగు పట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. ఇటలీది దగ్గింది, లేచింది, కొండ ఎక్కింది. రాతిగోడ పక్కనే పరిగెడుతోంది. ఆయా కుర్చీ చేతులు గట్టిగా పట్టేసుకుంది. "అన్నా, గోడ! అమ్మో, గోడ గోడ!" ఆయన పెదవి కూడా కదపలేదు. వంపు తర్వాత వంపు, ప్రతి రాయినీ పలకరిస్తున్నట్టు పోనిచ్చి, చివర్లో ఆపి, కారు ఎడమ పక్క తిప్పి చూపించాడు. అద్దంలా మెరుస్తోంది.

ఆయా కళ్లనీళ్లు పెట్టుకుంది. "లెంపలు వేసుకుంటానన్నా. చూపు ఆననివాడికి సాధ్యమయ్యే పనేనా ఇది?"

కూతురు మాత్రం టీవీ వంకే చూస్తోంది. "కానీ అమ్మా, ఈ రోడ్డుమీద మనుషులెవరూ లేరు కదా. పక్కనుంచి వచ్చేవాళ్లు..."

"నువ్వు నోర్ముయ్. పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరతావేం?"

ఆయన మోసం చేయాలనుకోలేదు. ఆ మాట గట్టిగా చెప్పాలి. తను ఏది నమ్మాడో అదే ఆవిడకి చూపించాడు. ఆవిడ తేలిక పడ్డ మనసుతో ఇంటికెళ్లింది. మర్నాటినుంచి తలుపులోంచి తొంగిచూడటం మానేసి, మళ్లీ పాత పద్ధతిలో కిందనుంచే రెండు దెబ్బలు కొట్టడం మొదలుపెట్టింది. మనిషిని అనుమానించినందుకు ఆవిడ వేసుకున్న జరిమానా అది.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం కొడుకు ఎవరిదో పెద్ద టీవీ మోసుకొచ్చాడు. కాసేపు నడిచాక ఆరిపోతోందట. ఇంట్లో పెట్టి చూడాలన్నాడు. చిన్నదాన్ని మంచంమీదకి మార్చి, దీన్ని బల్లమీద పెట్టాడు. అది బల్ల అంచులు దాటి నిలబడింది. "ఇటలీదాన్ని దీంట్లో చూడు నాన్నా, నిజం కారంత ఉంటుంది" అన్నాడు.

ఆయన ఉత్సాహంగా కూర్చున్నాడు. మొదటి వంపులోనే కారు గోడని రాసుకుంటూ పోయి తిరగబడింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ గోడే. మూడోసారి ఇంకా మెల్లగా, బస్సంత మెల్లగా పోనిచ్చాడు. అయినా గోడే.

"టీవీ పాడైందిరా. ఎడమ పక్క గోడ రావడం లేదు."

కొడుకు ఫోన్లో ఎవరితోనో బేరమాడుతున్నాడు. ఫోను చెవినుంచి తీయకుండానే వచ్చి తెర ఎడమ అంచు మీద వేలు పెట్టి, "ఇదిగో నాన్నా గోడ, సరిగ్గా చూడు" అని బయటికెళ్లిపోయాడు.

ఆయన ఆ వేలు పెట్టిన చోటుకి మొహం తిప్పాడు. గోడ ఉంది. ఒక్కో రాయీ కనబడుతోంది. మొహం మళ్లీ ఎదురుకి తిప్పాడు. గోడ లేదు. అక్కడ చీకటి కూడా లేదు, ఏమీ లేదు. లేదన్న సంగతి కూడా తెలియనంతగా లేదు. చాలాసేపు అలా తల అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి, పెద్ద టీవీని కిందకి దించి, మంచంమీది చిన్నదాన్ని బల్లమీద పెట్టుకుని, ఇటలీదాన్ని మళ్లీ తీశాడు. గీత పడకుండా చివరిదాకా పోయింది. అప్పుడు అర్థమైంది. చిన్న టీవీ మొత్తం తనకి మిగిలిన చూపులో ఇమిడిపోతోంది. ఇన్నాళ్లూ తను పెట్టుకున్న పరీక్షలో ఎడమ పక్క అనేదే లేదు.

వంటింట్లోంచి భార్య, "ఏం, ఇవాళ అత్తగారు అలిగిందా?" అని అడిగింది. ఆయన టీవీ ఆపేశాడు.

ఆ సాయంత్రమే మేనేజరు దగ్గరికెళ్లి తాళాలు బల్లమీద పెట్టేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. పెట్టలేదు. పిల్లల పరీక్షలయ్యేదాకా నడుపుదాం, సెలవులిచ్చాక మానేద్దాం అనుకున్నాడు. మధ్యలో మానేస్తే పిల్లలకి ఇబ్బంది అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. పిల్లలకి ఇబ్బందట! ఆయన్ని ఎంత ఇష్టపడేవాళ్లకైనా ఇక్కడ మాత్రం పట్టుకుని నాలుగు దులపాలనిపిస్తుంది. గొప్పగా బతికిన మనిషి కిటికీ పక్క కుర్చీకి భయపడి, పసిపిల్లల్ని అడ్డం పెట్టుకున్నాడు. అసలు సంగతి అంతే.

కొన్నాళ్లు ప్రతి స్టాపులోనూ మెడ పూర్తిగా తిప్పి అద్దంలోకి చూసేవాడు. మెడ నొప్పి పుట్టింది. ఏమీ కాకపోవడంతో ధైర్యం వచ్చింది. మెడ తిప్పడం తగ్గింది.

ఆ పొద్దున దర్జీ కొట్టు సందులో చివరి పిల్లని ఎక్కించి, ఆయా కిందనుంచి రెండు దెబ్బలు కొట్టింది. బస్సు కదిలింది. ఎదురుగా ఒక లారీ సందులోకి దూసుకొచ్చింది. దానికి దారివ్వాలని ఆయన బస్సుని ఎడమకి తిప్పాడు. ఎడమ పక్క ఒక ఇంటి ప్రహరీ. ప్రహరీకీ బస్సుకీ మధ్య, మెట్టెక్కడానికి నడిచి వస్తూ, ఆయా. అద్దంలో ఆవిడ నిలువెత్తున కనబడుతూనే ఉంది. చూపున్నవాడికి మెడ తిప్పే పని కూడా లేదు. పిల్లలందరూ ఒక్కసారిగా అరిచారు. ఆయన బ్రేకు తొక్కాడు, కానీ అప్పటికే రేకు గోడకి ఒత్తుకుంది.

ఆయాకి మోకాలి పైదాకా కాలు తీసేశారు.

ఆసుపత్రికి పోలీసులొచ్చారు, మేనేజరు వచ్చాడు. ఆవిడకి తెలివి రాగానే అడిగారు. "మెట్టెక్కకుండా కిందనుంచి దెబ్బలు కొట్టింది నేనే. అన్న తప్పేం లేదు. ఆయన చూపు ఎలాంటిదో నేను కళ్లారా చూశాను" అని చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లకి ఆ ఆఖరి ముక్క అర్థం కాలేదు. కావలసిన ముక్క మాత్రం దొరికింది. నియమం తప్పింది ఆయా కాబట్టి తమకేం సంబంధం లేదని స్కూలువాళ్లు చేతులు దులుపుకున్నారు. వైద్యం ఖర్చు ఆవిడదే, ఉద్యోగం ఊడినట్టే. ఆయన భుజం మాత్రం తట్టారు. "పెద్దాయనా, మనసు పాడుచేసుకోకు. వారం విశ్రాంతి తీసుకుని వచ్చెయ్" అన్నాడు మేనేజరు.

ఆ వారంలో ఆయన అన్నం ముట్టలేదు. చివరికి భార్యకి ఉన్నదంతా చెప్పాడు. ఆవిడ వెంటనే చెప్పులు వేసుకుని, ఆయన్ని కళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. నీటికాసులు, అదే గ్లకోమా, అన్నాడు డాక్టరు. ఎడమ పక్క పోయిన చూపు ఇక రాదని, ఉన్నదైనా నిలబడాలంటే రోజూ మందు వేసుకోవాలని చెప్పాడు. అక్కణ్నుంచి ఆయన ఆయా దగ్గరికి బయల్దేరాడు. భార్య వస్తానంటే వద్దన్నాడు.

వార్డులో ఆవిడ మంచం కిటికీకి దూరంగా ఉంది. తలవైపు వేసిన స్టూలు మీద, కాళ్లవైపు తిరిగి కూర్చున్నాడు. మంచం ఆయనకి ఎడమ పక్క అయింది. కూతురు మంచానికి అటువైపు నిలబడి దుప్పటి సర్దుతోంది.

"వచ్చావా అన్నా! తిండి మానేశావటగా, వదిన చెప్పి ఏడ్చింది. తప్పు నాదైతే నువ్వు పస్తులుండటమేంటి?"

ఆయన ఆవిడ వంక తిరగలేదు. దుప్పటి కింద కాలు ఉండాల్సిన చోట చదునుగా ఉంది. ఆయన కళ్లు అక్కడే పడ్డాయి, అక్కడే ఆగిపోయాయి.

"నాకు ఎడమ పక్క కనబడదు చెల్లీ. నువ్వన్నదే నిజం. స్టూలు నాటికే కనబడటం లేదు."

"అదేంటన్నా? నేను చూశాగా. గోడ పక్కన..."

"అది టీవీ. టీవీలో పక్క ఉండదు. గోడ కూడా ఎదురుగానే ఉంటుంది. నాకు తెలియక నీకు చూపించాను."

"ఎప్పుడు తెలిసింది?"

"మావాడు పెద్ద టీవీ తెచ్చినప్పుడు."

"అంటే?"

"నీకిలా జరగకముందే. తెలిసే నడిపాను."

ఆవిడ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ నిశ్శబ్దం భరించలేక ఆయన మాట్లాడుతూనే పోయాడు. నాన్న సంగతి చెప్పాడు, కిటికీ సంగతి చెప్పాడు, పరీక్షలయ్యాక మానేద్దామనుకున్న సంగతి చెప్పాడు. "ఇక్కణ్నుంచి నేరుగా స్టేషన్‌కే పోతాను. మేనేజరు ముందు కూడా చెప్తాను. తప్పు నాదని తేలితే, నీకు రావలసింది నీకు వస్తుంది. నన్ను ఏం చేసినా సరే. నువ్వొక్క మాట అను చెల్లీ, ఏదో ఒకటి" అన్నాడు. పక్కనుంచి జవాబు రాలేదు. వింటోంది కాబోలు అనుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

"అమ్మా, చాలు. చెయ్యి దించు" అంది కూతురు. "ఆయనకి నిజంగానే కనబడటం లేదు."

అప్పుడు ఆయన తల ఎడమకి తిప్పాడు. ఆవిడ చెయ్యి ఆయన చెంపకి బెత్తెడు దూరంలో గాల్లో ఉంది. వేళ్లు బారచాపి, సూది గుచ్చి అంటించిన ప్లాస్టరుతో, అలాగే ఉంది. అది ఎంతసేపట్నుంచి అక్కడుందో ఆయనకి తెలియదు.